అత్తగారు ఊళ్ళో లేనప్పుడు వేపచెట్టు కొట్టించేయమంటున్నారు

హైదరాబాద్‌లోని వనస్థలిపురం ప్రాంతం నుంచి ఒక పాఠకురాలు జనవరి మొదటి వారంలో సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. పేరు, ఇంటి వివరాలు బయటపెట్టవద్దని కోరారు కనుక సారాంశం మాత్రమే ఇక్కడ ఇస్తున్నాను.

వారిది 1987లో కట్టిన ఇల్లు. గృహప్రవేశం చేసిన ఏడాదే ఆమె మామగారు ముందు వాకిట్లో, పక్కింటి ప్రహరీకి దగ్గరగా ఒక వేప మొక్క నాటారు. ఇప్పుడది రెండంతస్తుల ఎత్తు దాటింది, మొదలు ఇద్దరు చేతులు చాచి పట్టుకుంటే గానీ అందదు. మామగారు లేరు. ఇల్లు అత్తగారి పేరు మీద ఉంది. ఉగాది పచ్చడికి పువ్వు, బోనాలకు మండలు వీధిలో చాలా ఇళ్ళకు ఆ చెట్టు నుంచే వెళ్తాయి. సాయంత్రం అత్తగారు కుర్చీ వేసుకుని కూర్చునేదీ దాని కిందే.

చెట్టు చిన్నప్పటి నుంచీ పక్కింటి వైపు వంగి పెరిగింది. కరెంటు వాళ్ళు ఏటా వచ్చి తీగల కోసం రోడ్డు వైపు కొమ్మలు నరికి వెళ్తారు కాబట్టి బరువంతా ఒకే పక్కకు చేరింది. నిరుడు మే నెల గాలివానలో, ఆ నరికిన చోటు నుంచి మళ్ళీ లేచిన కొమ్మ ఒకటి విరిగి పక్కింటివారి కారు షెడ్డు మీద పడింది. రెండు రేకులు పగిలాయి. వాటి ఖర్చు వారు అడగలేదు, వీరు ఇవ్వలేదు, మాటలు మాత్రం తగ్గాయి. అక్టోబరు నుంచి చెట్టు కొసలన్నీ గోధుమ రంగుకు తిరిగి ఎండిపోవడం మొదలైంది. పక్కింటాయన వారానికొకసారి వాట్సాప్‌లో ఫొటో పంపి, “ఏదైనా జరిగితే బాధ్యత మీదే” అని రాస్తున్నారు. అత్తగారు బాధపడతారని ఆ ఫొటోలను ఎవరూ ఆమెకు చూపించలేదు.

చెట్లు కొట్టే మేస్త్రీ ఒకాయన వచ్చి కత్తితో మొదలు మీద రెండు దెబ్బలు కొట్టి, “చచ్చిపోయిందమ్మా, లోపల గుల్ల. ఎనిమిది వేలివ్వండి, కట్టె మేమే తీసుకుపోతాం, ఆదివారం పొద్దున్నే చేసేస్తే ఎవరూ అడగరు” అన్నాడు. ఇంటర్నెట్‌లో దొరికిన ఒక కంపెనీ వాళ్ళు గేటు బయట నుంచే చూసి నలభై ఐదు వేలు చెప్పారు. అమెరికాలో ఉన్న అబ్బాయి, “ఇక్కడైతే కంపెనీని పిలిస్తే అరపూటలో అయిపోతుంది, ఇంకా ఆలోచన ఎందుకు” అంటున్నాడు. సంక్రాంతి తర్వాత అత్తగారు రెండు వారాలు కరీంనగర్‌లో కూతురి దగ్గర ఉంటారు కాబట్టి ఆ లోపలే పని ముగించమని భర్త చెబుతున్నారు. ఆయన ఉద్యోగం మీద ఊళ్ళు తిరుగుతారు గనుక దగ్గరుండి చేయించాల్సింది ఈమే. “కొట్టిస్తే అత్తగారి దగ్గర దోషిని, కొట్టించకపోతే రేపు ఏదైనా జరిగితే అందరి దగ్గరా దోషిని. నేనేం చేయాలి?” అని ముగించారు. ఉత్తరం చివర మరో విషయం రాశారు: రెండేళ్ళ క్రితం వాకిలంతా, చెట్టు మొదలు దాకా, సిమెంటు వేసి టైల్స్ పరిపించారు; అప్పుడే ఇంటికీ చెట్టుకీ మధ్య కాలువ తవ్వి డ్రైనేజీ పైపు వేశారు.

*

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టింది మీరు చివర్లో రాసిన ఆ పైపు సంగతి. ఎండిన ఆకుల గురించి ఒక పేజీ రాశారు గానీ, పైపు గురించి రెండు వాక్యాలతో సరిపెట్టారు. ఎందుకు కలవరమో తర్వాత చెబుతాను. ముందు మీ మీద పడిన బరువులో ఏది చెట్టుకు సంబంధించినదో, ఏది చట్టానిదో, ఏది ఇంటి మనుషులదో విడదీసి చూద్దాం. ఇప్పుడు ఈ మూడూ ఒకే ముడిలో పడిపోయి, అన్నిటికీ ఒకటే జవాబు, అదీ రెండు వారాల్లోనే, ఇవ్వాలన్నట్లు మీకు కనిపిస్తోంది.

చెట్టుతో మొదలుపెడతాను. వేప కొసలు ఎండడం చూసి చెట్టు చచ్చిపోయిందని తేల్చడం తొందరపాటు. 2021 చివర్లో తెలంగాణ అంతటా వేపచెట్లు నిప్పు సెగ తగిలినట్లు ఎండిపోవడం మీకు గుర్తుండే ఉంటుంది. అది ఫోమాప్సిస్ అజాడిరాక్టే అనే శిలీంధ్రం వల్ల వచ్చే కొమ్మ ఎండు తెగులని శాస్త్రవేత్తలు చెప్పారు. లేత చిగుళ్ళ రసం పీల్చే టీ దోమ కూడా తోడైతే పరిస్థితి మరింత భయం గొలిపేలా ఉంటుంది. వానాకాలం చివర మొదలై చలికాలంలో ముదిరే ఈ తెగులు సోకిన చెట్లలో చాలా భాగం ఆ తర్వాత చిగురించాయి. మీ చెట్టు అక్టోబరులో ఎండడం మొదలైందంటే ఆ వరసలోదే కావచ్చు. చేతికందే సన్నని రెమ్మలు కొన్నిటిని, వేర్వేరు వైపుల నుంచి, గోటితో గీకి చూడండి. పై తోలు కింద పచ్చగా, తడిగా ఉంటే ఆ రెమ్మ బతికే ఉంది. గోధుమ రంగులో పొడిగా ఉంటే అది పోయింది, కానీ దాని వెనక లావు కొమ్మ బతికి ఉండవచ్చు, అక్కడా గీకి చూడాలి. వేప సహజంగానే ఫిబ్రవరి, మార్చిల్లో ఆకు రాల్చి కొత్త చిగురు వేస్తుంది కాబట్టి అసలు తీర్పు అప్పుడు దానంతటదే తెలుస్తుంది. అంత ఎత్తు చెట్టుకు ఇళ్ళ మధ్య మందు కొట్టించడం గురించి ఎవరైనా చెబితే నేనైతే సందేహిస్తాను. ఆ మందు మీ నీళ్ళ ట్యాంకు మీదా, పక్కింటివారి ఆరేసిన బట్టల మీదా పడుతుంది.

అయితే బతికి ఉన్న చెట్టు పడదని అర్థం కాదు. నిండుగా ఆకు ఉన్న చెట్టే గాలికి ఎక్కువ పట్టు ఇస్తుంది. చెట్టు నిలబడేది వేళ్ళ మీద. ఒక పక్కకు వంగిన చెట్టును పడకుండా వెనక్కి లాగి పట్టుకునేవి వంపుకు ఎదురు పక్కనున్న వేళ్ళు. మీ చెట్టు పక్కింటి వైపు వంగింది, పైపు కోసం తవ్వింది ఇంటి వైపు. అంటే లాగి పట్టుకునే వేళ్ళున్న చోటే కాలువ పోయిందన్న మాట. చెట్టు వేళ్ళలో ఎక్కువ భాగం పై రెండు మూడు అడుగుల మట్టిలోనే పరుచుకుని ఉంటాయి. హైదరాబాద్‌లో చాలాచోట్ల కొద్ది లోతులోనే రాయి తగులుతుంది గనుక లోతుకు దిగే దారి కూడా తక్కువ. ఆ రోజు పైపు వేసినవాళ్ళు ఎన్ని వేళ్ళు నరికారో, ఎంత లావువి నరికారో ఎవరూ చూసి ఉండరు. ఆ పని మొదలుకు ఎన్ని అడుగుల దూరంలో జరిగిందన్న దాన్ని బట్టి మీ జవాబు మారిపోతుంది. పదీ పన్నెండడుగుల దూరంలో అయితే నేను అంతగా భయపడను. మూడు నాలుగు అడుగుల్లో అయితే, ఆకులు ఎంత పచ్చగా ఉన్నా సరే, ఏప్రిల్ గాలివానలు మొదలయ్యేలోపు ఒక తెలిసిన మనిషి చూసి తీరాలి.

ఈలోపు మీరే చూడగలిగినవి కొన్ని ఉన్నాయి. చెట్టు మొదటి నుంచీ వంగే ఉందన్నారు. అలా వంగి పెరిగిన చెట్టు పైకి వెళ్ళేకొద్దీ నిటారుగా తిరగడానికి ప్రయత్నిస్తుంది, దాని కాండంలో మెల్లని ఒంపు కనిపిస్తుంది. పాత ఫొటోలు ఉంటాయి కదా, మీ పెళ్ళి నాటివో, అబ్బాయి చిన్నప్పటివో, వాటితో పోల్చి చూడండి. వంపు అప్పటిలాగే ఉంటే ఒక సంగతి, ఈ రెండేళ్ళలో పెరిగి ఉంటే వేరే సంగతి. ఇంటి వైపున, మొదలు చుట్టూ, టైల్స్ నెలవంక ఆకారంలో పగిలాయా, లేచాయా, గాలి వీచినప్పుడు ఆ పగులు కదులుతోందా గమనించండి. వేరు లావెక్కి టైల్‌ను ఎత్తడం మామూలే, అది ఏళ్ళ తరబడి నెమ్మదిగా జరుగుతుంది. గాలివాన మర్నాడు కొత్తగా కనిపించిన పగులు మామూలు కాదు. మొదలు దగ్గర బెరడు మీద చిప్పల్లాంటి గట్టి పుట్టగొడుగులు మొలిచినా, మట్టి గూళ్ళు కట్టి చెదలు పాకినా ఫొటో తీసి ఉంచండి. ఇక మేస్త్రీ చెప్పిన “గుల్ల” సంగతి. తొర్ర ఉన్న ప్రతి చెట్టూ పడిపోదు. చుట్టూ ఉన్న గట్టి చెక్క తగినంత మందంగా ఉంటే తొర్రతోనే దశాబ్దాలు నిలబడిన చెట్లు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. కత్తితో రెండు దెబ్బలు కొట్టి ఆ మందం చెప్పడం ఎవరి వల్లా కాదు. చెక్క సుత్తితో చుట్టూ, వేర్వేరు ఎత్తుల్లో తట్టి శబ్దం విన్నా అంచనాకే పనికొస్తుంది.

ఇక్కడే ఆ మేస్త్రీ గురించి చెప్పాలి. ఆయన మోసగాడని నేననను. ఆయన బతుకుతెరువు చెట్టు కొట్టడం, దాని కట్టె అమ్ముకోవడం. ముప్ఫై ఎనిమిదేళ్ళ వేపలో చేవ బాగా ఉంటుంది, తలుపులకూ పీటలకూ గిరాకీ ఉన్న కలప అది. ఎనిమిది వేలకే ఒప్పుకున్నాడంటే మిగతాది కట్టెలో రాబట్టుకుంటాడనే కదా. అలాంటి మనిషిని “చెట్టు ఉంచాలా, తీయాలా” అని అడిగితే ఏం చెబుతాడో ముందే తెలుసు. మీరు దేనికి ఒప్పుకున్నా సరే, చెట్టు స్థితి చెప్పే మనిషినీ, కోసే మనిషినీ వేరు చేయండి. చూసినందుకు విడిగా రుసుము తీసుకునేవాడు, కట్టె మీద ఆశ లేనివాడు ముందు రావాలి. ఆర్బరిస్టు, అంటే చెట్ల సంరక్షణ నిపుణుడు, అని ధ్రువపత్రం ఉన్నవాళ్ళు మన దేశంలో బహు కొద్దిమంది. అయినా మీకు దారి లేకపోలేదు. రాజేంద్రనగర్‌లో ఉన్న జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం మీకు దూరం కాదు. సిద్దిపేట జిల్లా ములుగులో అటవీ కళాశాల, ఉద్యాన విశ్వవిద్యాలయం రెండూ ఉన్నాయి. రిటైరైన అటవీ, ఉద్యాన శాఖల అధికారులు మీ కాలనీలోనే ఎవరో ఒకరు ఉంటారు, విచారించండి. వచ్చినవారితో ఇంటి వైపున ఒకటి రెండు వరసల టైల్స్ తీయించి, చేత్తో మట్టి తవ్వి, తెగిన వేళ్ళు చూడమనండి. అది చూడకుండా ఇచ్చే అభిప్రాయానికి నేను విలువ ఇవ్వను. గేటు బయటే నిలబడి నలభై ఐదు వేలు చెప్పిన కంపెనీదీ అదే తీరు. నాడి పట్టుకోకుండానే ఆపరేషన్ ఖర్చు చెప్పే వైద్యుడి దగ్గరకు మనం రెండోసారి వెళ్ళం.

చట్టం సంగతికి వస్తే, “ఆదివారం పొద్దున్నే చేసేస్తే ఎవరూ అడగరు” అన్న మాటలోనే అనుమతి కావాలన్న సంగతి దాగి ఉంది. 2002 నాటి వాల్టా చట్టం, అంటే నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం, తెలంగాణలోనూ అమల్లో ఉంది. మీ సొంత వాకిట్లోని చెట్టయినా కొట్టడానికి అటవీ శాఖ అధికారి అనుమతి తీసుకోవాలి, బదులుగా మొక్కలు నాటమని షరతు పెడతారు. కలప లారీలోనో ట్రాలీలోనో బయటకు పోతున్నప్పుడు దానికి రవాణా పర్మిట్ ప్రశ్న వస్తుంది. అనుమతి లేకుండా కొట్టిన సంగతి పక్క వీధివాళ్ళు ఒక ఫొటోతో ఫిర్యాదు చేస్తే జరిమానా పడేది ఇంటి యజమానికి. మేస్త్రీ ఫోను ఆ రోజు నుంచి కలవదు. పెద్ద ఎత్తున కొమ్మలు తగ్గించే పనికి కూడా అదే కార్యాలయంలోనూ, కార్పొరేషన్ జీవవైవిధ్య విభాగంలోనూ ముందుగా ఒక అర్జీ ఇచ్చి రసీదు దగ్గర ఉంచుకోమంటాను. పక్కింటివారు పంపిన ఫొటోలను ఆ అర్జీకి జత చేస్తే అవి మీకు అడ్డం కాకుండా సాయమే అవుతాయి.

ఇందులో మీ ఇంటి గొడవకు పనికొచ్చే అంశం కూడా ఉంది. ఇల్లు అత్తగారి పేరు మీద ఉంది కనుక దరఖాస్తు మీద సంతకం పెట్టాల్సింది ఆవిడే. ఆవిడకు తెలియకుండా సక్రమంగా చెట్టు తీయించే మార్గమే లేదు. మీవారికి ఈ ఒక్క మాట చెప్పండి. మీ ఇష్టాయిష్టాల చర్చ అక్కర్లేకుండానే కరీంనగర్ పథకం ఆగిపోతుంది.

పక్కింటాయన విషయంలో మీరు కొంత బెదిరిపోయారనిపిస్తోంది, ఆ బెదురు పూర్తిగా అనవసరం కాదు. ఢిల్లీలో 1964లో రోడ్డు పక్క చెట్టు కొమ్మ విరిగి స్కూటర్ మీద వెళ్తున్న ఒక వ్యక్తి మీద పడితే ఆయన చనిపోయారు. చెట్టును చూసుకోవాల్సిన మునిసిపల్ కార్పొరేషన్ నిర్లక్ష్యానికి బాధ్యత వహించాల్సిందేనని 1999లో సుప్రీం కోర్టు తేల్చింది. ప్రమాదం ఉందని తెలిసీ ఊరుకున్నవారి మీద బాధ్యత పడుతుందన్న సూత్రం మీకూ వర్తిస్తుంది. ఆయన పంపిన ప్రతి ఫొటో “మీకు తెలుసు” అనడానికి ఆధారమే. ఆయన గోడ దాటి వచ్చిన కొమ్మలను తన హద్దు వరకు కోయించుకునే హక్కు కూడా ఆయనకు ఉంది. కానీ చెట్టు తీసేయమని మిమ్మల్ని ఆదేశించే హక్కు లేదు. కాబట్టి ఇప్పటిదాకా జవాబివ్వని ఆ సందేశాలకు ఒక మర్యాదైన జవాబు ఇవ్వండి: ఫలానా తేదీన ఫలానావారు వచ్చి చెట్టు చూస్తారు, మీరూ దగ్గర ఉండండి, ఎండిన కొమ్మలు మార్చిలోపు తీయిస్తాం అని. నిరుటి రెండు రేకుల ఖర్చు మీరే ఇవ్వండి. చట్టప్రకారం ఇవ్వాలో లేదో అన్న వాదన ఉండవచ్చు, దానికి పోవద్దు. గోడకు అటూ ఇటూ ఎన్నో ఏళ్ళుగా కలిసి ఉన్న మనుషులు రెండు రేకుల దగ్గర మాట్లాడుకోవడం మానేశారంటే, ఆయన ప్రతి ఫొటో వెనకా ఆ అడగని డబ్బు కూడా కొంత ఉందని నా అనుమానం.

ఇక మీ ముందున్న దారులు. వేళ్ళు చాలావరకు బాగున్నాయని, కాండం గట్టిగా ఉందని తేలితే, మార్చి చిగురు వచ్చేదాకా ఆగి ఎండు కొమ్మలు మాత్రం తీయించడం ఒకటి. ఖర్చు తక్కువ. కాని పక్కింటి వైపు బరువు అలాగే ఉంటుంది, ప్రతి గాలివానకూ మీ నిద్ర పోతుంది.

రెండోది, నాకు ఎక్కువ నచ్చేది, చెట్టును తేలిక చేయడం. పక్కింటి వైపు చాచిన పొడవు కొమ్మలను ఒక పక్క కొమ్మ చీలిన చోటు దాకా వెనక్కి కోసి బరువు తగ్గిస్తారు. ఒక్కసారికి మొత్తం కొమ్మల్లో పావు వంతుకు మించి తీయకూడదు, తెగులుతో అలసిన మీ చెట్టుకు అంతకంటే తక్కువే. “గుండు కొట్టేస్తాం, మళ్ళీ బాగా గుబురుగా వస్తుంది” అనేవాళ్ళకు మాత్రం ఒప్పుకోవద్దు. గుబురుగా వచ్చే మాట నిజమే. కాని అలా మొండెం చివర నుంచి లేచే కొమ్మలు పైపైనే అతుక్కుని ఉంటాయి, లావెక్కాక గాలికి ఊడి వస్తాయి. నిరుడు మీ పక్కింటి షెడ్డు మీద పడింది అలాంటి కొమ్మేనని మీరే రాశారు. లావు కొమ్మను కోసేటప్పుడు మొదట కింద నుంచి కొంత గాటు పెట్టి, దానికి కాస్త అవతల పై నుంచి కోసి బరువు దింపేసి, చివరికి మిగిలిన మొండిని కొమ్మ మొదట్లో ఉబ్బుగా కనిపించే మెడను వదిలి కోస్తారు. ఒకే దెబ్బకు పై నుంచి కోస్తే కొమ్మ కిందికి వాలుతూ కాండం బెరడును చీల్చుకుపోతుంది. ఈ మూడు కోతల సంగతి మీ దగ్గరికొచ్చిన మనిషిని అడిగి చూడండి. తెలిసినవాడైతే చేత్తో గీసి చూపిస్తాడు.

దీనితోపాటు మొదలు చుట్టూ సిమెంటు తీయించాలి. ఢిల్లీలో చెట్ల చుట్టూ కనీసం మీటరు మేర కాంక్రీటు తొలగించమని 2013లోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది. మీ వాకిట్లో అంతకంటే ఎక్కువే తీయగలిగితే మంచిది. వంగిన కొమ్మకు ఊతం ఇవ్వడం కూడా ఉంది. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు పట్టి ఒక భాగం కూలినప్పుడు, 2018లో కొమ్మలకు సెలైన్ సీసాలు కట్టి చెదల మందు ఎక్కించారు, బరువు కొమ్మల కింద ఊతాలు పెట్టారు. మీ చెట్టుకు అంత వైభవం అవసరం రాకపోవచ్చు, కాని కాపాడటమన్నది కూడా ఒక పనేనని, దానికీ పనివాళ్ళు ఉంటారని చెప్పడానికి రాశాను. ఈ దారిలో వచ్చే చిక్కు: ఇది ఒక్కసారితో తీరే ఖర్చు కాదు. రెండు మూడేళ్ళకోసారి మళ్ళీ చూపించాలి, ఆకు చెత్త ఎప్పటిలాగే ఊడవాలి, పక్కింటాయనకు నూటికి నూరుపాళ్ళు తృప్తి ఉండదు.

మూడోది తీసేయడం. ఇంటి వైపు పెద్ద వేళ్ళు తెగి కుళ్ళాయని, లేదా మొదలు పుచ్చిపోయిందని తేలితే నేనూ అదే చెబుతాను, వెనకాడను. కారు షెడ్డు కింద మనుషులు తిరుగుతారు. కొందరు చెట్టును వేళ్ళతో లేపి వేరేచోట నాటుతామంటారు; మర్రి, రావి జాతులు అలాంటివాటికి బాగా తట్టుకుంటాయి గానీ, వేళ్ళు తెగిన పెద్ద వేపను రెండు ఇళ్ళ మధ్య నుంచి క్రేనుతో లేపడం మీద నాకు నమ్మకం తక్కువ. తీసేస్తే ఆ ఎండాకాలం నుంచే ముందు గదిలో వేడి తెలుస్తుంది. మోడును జేసీబీతో పెకలించమనకండి, పైపూ ప్రహరీ పునాదీ కలిసి లేస్తాయి. నేలమట్టానికి కోయించి వదిలేస్తే చాలు, అయితే వేప మోడు మళ్ళీ చిగుర్లు వేస్తుంది, చెదలు కూడా చేరవచ్చు, కనిపెట్టి ఉండాలి.

రెండో దారైనా మూడో దారైనా, కోసేవాళ్ళను కుదుర్చుకునేటప్పుడు ధర కంటే ముందు ఒక ప్రశ్న అడగండి: “షెడ్డు మీదున్న కొమ్మను కిందికి ఎలా దింపుతారు?” మోకు కట్టి, పై కొమ్మ మీదుగా వేసి, ముక్క ముక్కగా నెమ్మదిగా దించుతామన్నవాడు పని తెలిసినవాడు. “ఏం కాదమ్మా, అటు తోసేస్తాం” అన్నవాడిని మజ్జిగ ఇచ్చి పంపించేయండి. పైకెక్కే మనిషి నడుముకు ఏం కట్టుకుంటాడో, తలకు హెల్మెట్ ఉందో చూడండి. పుట్టినప్పటి నుంచీ తాడిచెట్లు ఎక్కే గీత కార్మికులకే ప్రభుత్వం 2024లో కాటమయ్య రక్షణ కవచం పేరుతో కిట్లు ఇచ్చింది, అది మొదలైందీ మీకు దగ్గర్లోని అబ్దుల్లాపూర్‌మెట్ మండలంలోనే. నడుముకు తువ్వాలు చుట్టుకుని మిషన్ రంపంతో పైకెక్కే కుర్రవాణ్ణి మీ వాకిట్లో ఎక్కనివ్వకండి. చెట్టును ఉంచుకునే పని అయితే ఇనుప ముళ్ళ బూట్లతో కాండం మీద ఎక్కవద్దని చెప్పండి, ఆ గాయాల నుంచే తెగులు లోపలికి పోతుంది. తీగలు దగ్గరున్నాయి కనుక విద్యుత్ కార్యాలయంలో చెప్పి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే ఆ తీగల్లో కరెంటు ఆపారన్న అనుమతి) తీసుకున్నాకే పని మొదలుపెట్టాలి. 1912కు ఫోన్ చేస్తే మీ సెక్షన్ లైన్‌మన్ ఎవరో తెలుస్తుంది. ఏ కొమ్మలు తీస్తారు, కట్టె ఎవరిది, రెమ్మలూ ఆకూ ఎవరు ఎత్తిపోస్తారు, రేకులు పగిలితే ఎవరు పెట్టుకోవాలి, పనివాడికి దెబ్బ తగిలితే బీమా ఉందా అన్నవి ఒక కాగితం మీద రాయించి సంతకం తీసుకోండి. అడ్వాన్సు కొద్దిగా ఇచ్చి, చెత్త గేటు దాటాకే మిగతాది ఇవ్వండి. మీ అబ్బాయి చెప్పే అరపూట పని వెనక అక్కడ బీమా, లైసెన్సు, క్రేను అన్నీ ముందే సిద్ధంగా ఉంటాయి. ఇక్కడ వాటిని మనమే అడిగి సమకూర్చుకోవాలి. చూసేవారి రుసుము, కోసేవారి కూలి తానే పంపుతానని అతను అంటే కాదనకండి, దూరాన ఉన్న బిడ్డ చేయగలిగిన నిజమైన సాయం అదే.

అత్తగారి గురించి చివరికి ఉంచాను, ఎందుకంటే పై విషయాలు తెలియకుండా ఆవిడతో మాట్లాడితే అది “మీ చెట్టు కొట్టేస్తాం” అన్న మాటగానే వినిపిస్తుంది. ఆవిడ కాదంటారని మీరందరూ అనుకుంటున్నారు గానీ, ఆవిడను ఎవరూ ఇంతవరకు అడగలేదు. షెడ్డు మీద పడిన కొమ్మ తెలుసు, వాట్సాప్ ఫొటోలు తెలియవు, పైపు వల్ల వేళ్ళు తెగి ఉండవచ్చని తెలియదు. కింద కుర్చీ వేసుకుని కూర్చునేది ఆవిడే కాబట్టి ప్రమాదం అందరికంటే ముందు ఆవిడదే, అది దాచిపెట్టడం గౌరవం కాదు. ఫొటోలు చూపించండి. చెట్టు చూసే మనిషి వచ్చిన రోజు ఆవిడను దగ్గర కూర్చోబెట్టండి, ఆయన చెప్పేది మీ నోటి మీదుగా కాకుండా నేరుగా వినిపించండి. ఆవిడ అడిగే ప్రశ్నలు మీరు ఊహించినవి కాకపోవచ్చు. ఎండు కొమ్మ ఎటు వైపు ఎప్పుడు మొదలైందో ఇంట్లో ఎవరికీ తెలియనంత బాగా ఆవిడకే తెలిసి ఉంటుంది. తీసేయక తప్పదని తేలినప్పుడు పసుపు కుంకుమ పెట్టి మొక్కుకోవాలని ఆవిడ అంటే ఆ రోజు, ఆ ముహూర్తం ఆవిడనే నిర్ణయించమనండి. కాగితంలో కట్టెంతా మేస్త్రీదని రాసేముందు, ఒక పీటకు సరిపడా పలక మినహాయించమని రాయించండి. వేప పళ్ళు ఎండాకాలం చివర పండుతాయి, గింజలు కొద్ది వారాలకే మొలకెత్తే శక్తి కోల్పోతాయి. అదే చెట్టు మొక్క కావాలంటే రాలిన పళ్ళను వెంటనే కుండీలో వేయాలి, లేదా ఇప్పటికే ప్రహరీ పక్కన మొలిచిన పిల్ల మొక్కను ఒకదాన్ని పదిలంగా తీసి ఉంచాలి. అనుమతిలో బదులు మొక్క నాటమనే షరతుకు అది సరిపోతుందేమో అధికారిని అడగండి.

ఇవేవీ చేయకుండా, ఆవిడ లేనప్పుడు కొట్టిస్తే ఏమవుతుందో మీకు తెలుసు, అందుకే ఉత్తరం రాశారు. రంపం చప్పుడు ఆగేసరికి మీవారు ఊళ్ళో ఉండరు, అబ్బాయి ఖండం అవతల ఉంటాడు. కరీంనగర్ నుంచి వచ్చి గేటు తీసిన ఆవిడకు ఎదురుపడేది మీరొక్కరే. కనుక ఈ పదిహేను రోజుల్లో కోత పని ఏదీ పెట్టుకోకండి. ఆవిడ ఊరికి బయల్దేరేలోపే మాట చెప్పండి, టైల్స్ తీసి వేళ్ళు చూసే పని ఆవిడ తిరిగొచ్చిన వారంలో, అంటే ఫిబ్రవరి మొదట్లో, ఖాయం చేసుకోండి. ఎలాంటి తీర్పు వచ్చినా అర్జీకీ, కోతకీ మార్చి నెలాఖరు దాకా వ్యవధి మిగులుతుంది. అప్పటిదాకా పక్కింటాయనను తన కారును షెడ్డులో చెట్టుకు దూరంగా ఉన్న చివర పెట్టుకోమని అడగండి, అత్తగారి కుర్చీ అరుగు మీదికి మార్చండి.